మాస్టర్ లైను తెంచిన చేయి

సాయంత్రమైతే చాలు, ఏదో పెద్ద శక్తి తన లైను తెంచేస్తోందని ఒకాయన లోకమంతటికీ చాటాడు. లండన్‌లో, పారిస్‌లో, టొరంటోలో ఉన్న ఆయన పాఠకులు నమ్మారు. నమ్మి ఊరుకోక పై అధికారులకు అర్జీలు కూడా పంపారు. ఆ పెద్ద శక్తి రోజూ పొద్దున కోవిల్‌పట్టి ఎక్స్ఛేంజిలో నా ఎదుటే స్టూలు మీద కూర్చుని, చల్లారేదాకా ఊదుకుంటూ టీ తాగేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం తమిళ సీమలోని విరుదునగర్‌లోను, కోవిల్‌పట్టిలోను గడిచింది. మాది ఆ నల్లరేగడి పల్లెల్లోని తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాట్లాడటమే తప్ప తెలుగు చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను నెల్లూరు వైపు వేశారు. అక్కడ బస్సుల మీది ఊళ్ళ పేర్లు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకునే దశలో తప్పు బస్సులు కూడా ఎక్కాను. ఇప్పుడు తీరిక దొరికింది కనుక ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదివితే చాలు. మీకు లైను అంటే గాలిలో ఉండేది. మాకు మట్టిలో ఉండేది.

మొదట విరుదునగర్ సంగతి. తొంభైల్లో ఆ ఊరికి కాస్త దూరంలో, శ్రీలంక యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ శిబిరం ఒకటి ఉండేది. అక్కడ నాణెం వేసి మాట్లాడే ఫోను పెట్టమని మాకు ఆర్డరు వచ్చింది. ఫోను బిగించిన రోజున సగం శిబిరం చుట్టూ చేరింది. తోసుకుంటున్న జనంలోంచి ఒక సన్నటి మనిషి ముందుకొచ్చాడు. చొక్కాకు ఇస్త్రీ లేదు గానీ బొత్తాలన్నీ మెడదాకా పెట్టుకున్నాడు. రెండు మాటలతో అందర్నీ వరసలో నిలబెట్టాడు. అందరూ ఆయన్ను మాస్టర్ అన్నారు. వాళ్ళ దేశంలో బడిపంతుల్ని అలా పిలుస్తారు.

పంతులు పని చేస్తూనే ఆయన అక్కడి పత్రికకు రాజకీయ వ్యాసాలు రాసేవాడట. ప్రభుత్వాన్ని తిట్టాడు, ప్రభుత్వం మీద తుపాకి పట్టినవాళ్ళనూ తిట్టాడు. దాంతో రెండు వైపులా ఆయనకు మిత్రులు మిగల్లేదు. భార్యను వెంటబెట్టుకుని, కూతుర్ని చంకనేసుకుని పడవెక్కాడు.

"అయ్యా, ఈ ఫోన్లో మాట్లాడేది మధ్యలో ఎవరైనా వింటారా?" అని తమిళంలో నన్ను అడిగాడు.

"వినడానికి మనుషులెక్కడున్నారు మాస్టర్? బాగుచేయడానికే మాకు చాలరు" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. నా మొహంలోకి కాసేపు చూసి, వరస సరిచేయడానికి వెళ్ళిపోయాడు.

ఆ ఫోను తరచూ పాడయ్యేది. నేను వెళ్ళినప్పుడల్లా మాస్టర్ పక్కన నిలబడి రెండు దేశాల రాజకీయం చెప్పేవాడు. బజ్జీలు కట్టిన పొట్లం కాగితంలో వచ్చిన వార్తను కూడా వదిలేవాడు కాదు. ఇది తప్పు, ఇందులో సగమే నిజం అని వేలితో చూపిస్తూ చెప్పేవాడు. వినేవాళ్ళు లేక ఆయనకు ఎంత కష్టంగా ఉందో నాకు అర్థమయ్యేది. నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉండేది కనుక నేను పారిపోలేనని ఆయనకు అర్థమయ్యేది.

రెండువేల సంవత్సరం దాటాక నన్ను కోవిల్‌పట్టికి వేశారు. ఒకరోజు బజార్లో చూస్తే అదే మెడదాకా బొత్తాల చొక్కా. కూతుర్ని పెద్ద బడిలో చేర్చడానికి శిబిరం బయట ఉండే అనుమతి దొరికిందట. భార్య వేరుశనగ మిఠాయి కట్టే చోట పనికి కుదిరింది. ఆయన ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతున్నాడు. అనుమతికి ఒకటే షరతు, ఎవరికీ తలనొప్పి కాకూడదు. ఆ షరతు పెట్టినవాళ్ళకు మాస్టర్ సంగతి తెలియదనుకున్నాను.

అప్పటికి మా ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లు తెరుస్తున్నారు. బస్టాండు దగ్గర మేడ మీద, అంతకుముందు ఎస్టీడీ బూత్ నడిపిన ఒకావిడ కంప్యూటర్లు పెట్టింది. అందరం ఆమెను బూత్ అమ్మ అనే పిలిచేవాళ్ళం. అక్కడికి మాస్టర్ రోజూ సాయంత్రం వెళ్ళి, మారుపేరుతో తమిళంలో రాజకీయ వ్యాఖ్యలు రాసి ఒక వెబ్‌సైటుకు పంపేవాడు. ఒంటి వేలితో టైపు చేసేవాడు. చెదిరిపోయిన ఆయన జనం ఏయే దేశాల్లో ఉన్నారో అక్కడల్లా చదివేవాళ్ళు. పొట్లం కాగితం పట్టుకుని నాకు చెప్పిన మాటలే ఇప్పుడు వేలమంది వింటున్నారంటే నాకు భలే సంతోషమేసింది. ఆయన మొహంలో కూడా తేట వచ్చింది.

తర్వాత లైను తెగడం మొదలైంది. వారంలో మూడు నాలుగు సాయంత్రాలు, సరిగ్గా ఆయన రాసింది పంపే వేళకు, టక్కున ఆగిపోయేది. బూత్ అమ్మ కంప్లైంటు ఇచ్చేది. మర్నాడు మా టెస్టు డెస్కులోని అక్క ఆ లైను పరీక్షించి, బాగుందని చూసి, కంప్లైంటు మూసేసేది. అక్క మా ఎక్స్ఛేంజికంతటికీ పెద్దది, కంప్లైంట్లు మూయడంలో ఆమె చెయ్యి చురుకు.

ఇలా కొన్నాళ్ళు జరిగాక మాస్టర్ ఒక వ్యాసం రాశాడు. నా గొంతు నొక్కడానికి ఒక చేయి పనిచేస్తోంది, అది ఏ దేశం చేయో నాకు తెలియదు, కానీ ప్రభుత్వ చేయేనని తెలుసు, ఎందుకంటే ఆదివారాలు, సెలవు రోజుల్లో నా లైను తెగదు. ఇదీ సారాంశం. బూత్ అమ్మ అచ్చు తీసి నాకు చూపించింది. చదివి నేను కూడా కంగుతిన్నాను. వాదనలో పొల్లు లేదు.

అర్జీలు వచ్చిపడ్డాయి. మారుపేరు వెనక ఎవరున్నారో పోలీసులకు తెలిసిపోయింది. శరణార్థుల వ్యవహారం చూసే పోలీసు ఇన్‌స్పెక్టర్ ఒక పొద్దున్న ఎక్స్ఛేంజికి వచ్చాడు. నెమ్మదైన మనిషి, నిద్ర చాలని కళ్ళు.

"మీరు తెంచుతున్నారా?" అన్నాడు.

"లేదు సార్."

"మేమూ తెంచడం లేదు. అంటే ఆయన అబద్ధం రాశాడు. అబద్ధాలతో గొడవ లేపే శరణార్థిని బయట ఉంచారేమని నన్ను అడుగుతున్నారు. తాళం వేసి ఉంచే శిబిరం ఒకటుంది తెలుసుగా, అక్కడికి పంపమంటారు. భార్యాపిల్లలు ఆయనతో అక్కడ ఉండటానికి లేదు." కుర్చీ వెనక్కి జరిపి, "ఆ పిల్ల మా అమ్మాయి బడిలోనే చదువుతోంది. మీ వైపు నుంచి ఏదైనా ఉంటే త్వరగా చెప్పండి" అని లేచాడు.

లైను బాగుందని మేము చెప్పిన ప్రతిసారీ మాస్టర్‌ను అబద్ధీకుణ్ణి చేస్తున్నాం. ఆయన అబద్ధమాడే మనిషి కాడు. అలాంటప్పుడు లైను ఎక్కడ పోతోంది?

సాయంత్రం బూత్ అమ్మ మేడెక్కి కూర్చున్నాను. మాస్టర్ నన్ను చూసి పలకరించలేదు. నేనూ ప్రభుత్వ చేయిలో ఒక వేలినే కదా అప్పటికి. ఫోను లైను మీదే ఇంటర్నెట్ తెచ్చే మోడెం కీచుమని అరిచి కలిసింది. ఆయన పంపడం మొదలుపెట్టాడు. కాసేపటికి తెర కదలకుండా ఆగిపోయింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూశాడు. నేను మెట్లు దిగి, లైను వెళ్ళే దారి పట్టుకుని నడిచాను.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మా నల్లరేగడి వేసవిలో బారలుబారలుగా పగులుతుంది, వాన పడితే ఉబ్బుతుంది. భూమిలో పాతిన కేబుళ్ళను అటూ ఇటూ లాగి అతుకులు ఊడగొడుతుంది. అతుకులో తడి చేరితే లైన్లో బుస్సుమని శబ్దం వస్తుంది. ఆ తడి లైను పక్క లైన్లను కూడా చెడగొడుతుందని మా లైన్‌మన్ల నమ్మకం. అందుకని సాయంత్రం ఇంటికి పోతూ, వీధి మూలల్లో ఉండే ఇనుప పెట్టెలు తెరిచి, తీగకు తగిలించి వినే చేతిఫోనుతో ఒక్కో జత తీగల్నీ పరీక్షించేవాళ్ళు. బుస్సుమన్న జతను ఊడదీసి, పొద్దున్నే వచ్చి మళ్ళీ వినేవాళ్ళు. శబ్దం లేకపోతే తగిలించేవాళ్ళు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మా నేల నేర్పిన పని.

బస్టాండు వెనక పెట్టె తలుపు తెరిచి ఉంది. దాని ముందు మా లైన్‌మన్ గొంతుక్కూర్చుని, ఒక జత కొసల్ని జాగ్రత్తగా మెలిపెడుతున్నాడు. కొద్ది నెలల్లో రిటైరవబోయే పెద్దవాడు. ఈ తడి విద్య నాకు నేర్పింది ఆయనే. ఆయనదీ తెలుగిల్లే కనుక మేమిద్దరం ఇంటి మాటే మాట్లాడుకునేవాళ్ళం.

"అన్నా, ఏం చేస్తా ఉండావు?"

"ఈ జత సారు. వాన లేదు, ఏమీ లేదు. సాయంత్రమైతే బుస్సుబుస్సుమంటాది. తీసి పెడతాను. పొద్దున చూస్తే శుద్దముగా ఉంటాది. బూమిలో ఏడనో నీళ్ళు నిలిచుండాయి."

"ఎన్నాళ్ళుగా తీస్తా ఉండావు?"

"బూత్ అమ్మ కొత్త మిషన్లు పెట్టిన కాడినించి." ఆయన మొహంలో సంతృప్తి. "నేను చూసుకోకపోతే ఆ యమ్మ లైను ఎప్పుడో చెడిపోయుండును."

ఆయన ఆదివారం పనిలోకి రాడు. సెలవు రోజుల్లో అసలే రాడు.

నేను ఆ జత మళ్ళీ తగిలించమన్నాను. మాస్టర్ మళ్ళీ ప్రయత్నిస్తాడని నాకు తెలుసు. కాసేపాగి చేతిఫోను ఆయన చెవి దగ్గర పెట్టాను. బుస్సుమంటోంది.

"అది తడి కాదన్నా. శిబిరం నించి వచ్చిన మాస్టర్ రాసింది లండన్‌కు పోతా ఉండాది."

"ఇదా?" ఆయన వింటూనే ఉన్నాడు. "మాట ఒకటీ వినపడలేదే?"

"మిషన్లు మాట్లాడుకుంటే అట్లే."

ఆయన చేతిఫోను నెమ్మదిగా దించాడు. "అంటే ఆ మనిషి మాటల్ని ఇన్నాళ్ళూ నేనేనా పీకి పారేస్తా ఉండేది?" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. పెట్టె తలుపు మూశాను.

మర్నాడు ఎక్స్ఛేంజిలో నేను, అక్క, లైన్‌మన్ ముగ్గురం కూర్చున్నాం. కేబుల్లో తడి, సరిచేశాం అని రాసి పంపెయ్యమని అక్క సలహా. అలా రాస్తే లైన్‌మన్‌కు ఏమీ కాదు. కానీ మాస్టర్ సంగతి? తడికి చేతులుండవు కదా. ఆయన లేని చేయి ఉందని రాసినవాడవుతాడు, తాళం శిబిరానికి పోతాడు. నిజం రాస్తే మాస్టర్ చెప్పిన చేయి నిజంగానే ఉందని తేలుతుంది, ఆ చేయి వెనక కుట్ర లేదని కూడా తేలుతుంది. కానీ రిటైరయ్యే వేళ ఒక ముసలాయన మీద విచారణ వస్తుంది.

"నిజమే రాయి సారు" అన్నాడు లైన్‌మన్. "నన్ను ఏం చేస్తారు? తిడతారు. నా ఇల్లు నాకుండాది. ఆ మనిషికి ఏముండాది? ముందు నన్ను ఆయన కాడికి తీసకపో. నేనే చెప్పాల."

మాస్టర్ వాళ్ళది ఒక ఇంటి వెనక వాటా. ఆయన భార్య పాలు లేని టీ ఇచ్చి, అరచేతిలో బెల్లం ముక్క పెట్టింది. బెల్లం కొరుకుతూ టీ తాగడం వాళ్ళ అలవాటు. లైన్‌మన్ తాగకుండా, నిలబడే, తమిళంలో మొత్తం చెప్పేశాడు. దాచలేదు, బతిమాలలేదు. పగిలిన నేల దగ్గర మొదలుపెట్టి మోడెం దాకా వచ్చాడు.

మాస్టర్ కోప్పడతాడనుకున్నాను, లేదా ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. ఆయన మొహం వాడిపోయింది. నిజంగా వాడిపోయింది.

"అంటే ఎవరూ లేరా?" అన్నాడు.

"నేనుండాను గదా అయ్యా" అన్నాడు లైన్‌మన్, ఓదార్పుగా, మధ్యలో తెలుగులోకి జారిపోయి.

ఆ మాట అర్థమై కాకపోయినా మాస్టర్ భార్య ఫక్కున నవ్వింది. నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చదువుకుంటున్న కూతురు కూడా నవ్వాపుకోలేక లోపలికి పోయింది. మాస్టర్ వాళ్ళ వైపు చూసి, చాలాసేపటికి తనూ నవ్వాడు. అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో ఆయనతో పాటు పత్రికకు రాసే స్నేహితుడొకడు ఉండేవాడట. ఒకనాటి సాయంత్రం అతని ఫోను మూగబోయిందట. మర్నాటి నుంచి ఆ మనిషి ఎవరికీ కనిపించలేదు.

"అందుకే అయ్యా, లైను పోతే నాకు తడి గుర్తుకు రాదు" అన్నాడు.

ఇన్నేళ్ళ పరిచయంలో ఆయన నాకు చెప్పిన రాజకీయమంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. విరుదునగర్‌లో నేను వేసిన జోకుకు ఆయన ఎందుకు నవ్వలేదో అప్పుడు అర్థమైంది. ఇంకో సంగతి కూడా అర్థమైంది. మనల్ని ఎవరో పనిగట్టుకుని బాధపెడుతున్నారనుకోవడంలో కొంత గౌరవం ఉంటుంది. పొరపాటున బాధపడ్డామని తెలిస్తే అదీ పోతుంది. ఆ గౌరవం పోగొట్టుకోవడానికి ఆయన సిద్ధపడ్డాడు. ఆ సాయంత్రమే సవరణ రాశాడు. నా లైను తెంచినవాడు ఒక మంచి లైన్‌మన్, నా మాటల శబ్దాన్ని వాన నీళ్ళనుకున్నాడు, నేను తొందరపడ్డాను, క్షమించండి, అని. నేనూ ఉన్నదున్నట్టు రాసి పై ఆఫీసుకు పంపాను.

ఇంతటితో అయిపోవాలి. కాలేదు. పాఠకులు నమ్మలేదు. మాస్టర్ మెడ మీద కత్తి పెట్టి రాయించారన్నారు. లైన్‌మన్ కథ ఎంత పిచ్చిగా ఉందో చూడండి, ఇలా రాయడం ద్వారా ఆయన మనకు రహస్యంగా సంకేతం పంపుతున్నాడన్నారు. అర్జీలు రెట్టింపయ్యాయి. ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి మొహం ఎర్రగా ఉంది.

"ఇదివరకు వైరు తెంచామన్నారు. ఇప్పుడు కత్తి కూడా పెట్టామంటున్నారు. సోమవారం నేను నా అభిప్రాయం పైకి పంపాలి. ఈ గొడవ చల్లారకపోతే నేనేం రాయాలో మీరే చెప్పండి."

మాస్టర్ తల పట్టుకున్నాడు. "ఏ వార్తనూ సులువుగా నమ్మవద్దని వీళ్ళకు చెప్పింది నేనే అయ్యా. ఇప్పుడు నన్నే నమ్మడం లేదు" అన్నాడు.

మార్గం బూత్ అమ్మ చెప్పింది. ఆదివారం సాయంత్రాల్లో ఆ వెబ్‌సైటు పాఠకులు కంప్యూటర్ల ముందు చేరి మైకుల్లో మాట్లాడుకుంటారట. మాస్టర్ కూడా అందులో మాట్లాడతాడు. "రాసింది నమ్మకపోతే గొంతు వినిపించండి. లైన్‌మన్‌నే కూర్చోబెట్టండి" అంది.

ఆ ఆదివారం మేడ మీద కుర్చీలు చాలలేదు. మాస్టర్, లైన్‌మన్, నేను, అక్క, బూత్ అమ్మ. మామూలు చొక్కాలో ఇన్‌స్పెక్టర్ గోడకానుకుని నిలబడ్డాడు. లైన్‌మన్ తలకు నూనె రాసుకుని, పెళ్ళికి కట్టే పంచె కట్టుకొచ్చాడు. జీవితమంతా ఇతరుల మాటలు మోసిన మనిషి, తాను మైకు ముందు ఎప్పుడూ కూర్చోలేదు. మాస్టర్ కూతురి చదువు, మాస్టర్ కాపురం ఆ మైకు దగ్గరికి వచ్చి ఆగాయి.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. తమిళంలోనే, మా పల్లె యాసలో. చెప్పి ముగించాక స్పీకర్లో ఒక కోపపు గొంతు అడిగింది. లండన్ నుంచట.

"ఈ మాటలు చెప్పమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదయ్యా. వెళ్ళొద్దని మా ఇంటావిడ మాత్రం చెప్పింది."

ఎక్కడో ఎవరో నవ్వారు. కోపపు గొంతు తగ్గలేదు. "ప్రభుత్వం ఆజ్ఞ లేకుండా ప్రభుత్వ ఉద్యోగి రోజూ లైను తెంచుతాడా?"

లైన్‌మన్‌కు కొంచెం రోషం వచ్చింది. మైకు మీదికి వంగాడు. "అయ్యా, ప్రభుత్వం తెంచమనాలంటే కాగితం రావాలి. ఆ కాగితం మద్రాసులో బయలుదేరి, తిరునెల్వేలిలో పడుకుని, మా ఆఫీసుకు వచ్చేసరికి ఈ మాస్టర్ కూతురికి పెళ్ళయి పిల్లలు కూడా పుడతారు. వచ్చాక కూడా నిచ్చెన దొరకాలి. అంత పకడ్బందీగా రోజూ సాయంత్రం పనిచేసేది నేను ఒక్కణ్ణే. ప్రభుత్వం కాదు."

ఈసారి చాలా గొంతులు నవ్వాయి. అన్ని దేశాలకు పోయినా, ఆఫీసుల్లో కాగితం కోసం కాళ్ళరిగేలా తిరిగిన జ్ఞాపకం వాళ్ళెవరికీ పోయినట్టు లేదు. గోడ దగ్గర ఇన్‌స్పెక్టర్ కిందికి చూస్తూ మీసం దువ్వుకున్నాడు.

అప్పుడు కొత్త గొంతొకటి వచ్చింది. నెమ్మదిగా, ఆగి ఆగి. తాను కెనడాలో ఒక పెట్రోలు బంకులో పనిచేస్తున్నానని, ఒకప్పుడు తమ దేశంలో, యాళ్పాణం ఊళ్ళో టెలిఫోన్ లైన్‌మన్‌గా ఉండేవాణ్ణని చెప్పింది.

"అన్నా, ఆ పెట్టె దగ్గర జత ఊడదీశాక కొసలు ఏం చేస్తారు?"

"లోపలివైపు మెలిపెట్టి, పక్క జతకు తగలకుండా పైకి వంచుతాను. పొద్దున్నే గుర్తుపట్టాలి గదా."

అవతల ఏదో గరగరమంది. లైను పోయిందనుకుని నేను కంగారుపడ్డాను.

"మేమూ అంతే అన్నా" అన్నాడాయన. "మాది ఎర్రమట్టి. సముద్రం గాలికి అతుకులు ఉప్పు పట్టేవి. బుస్సుమన్న జతను సాయంత్రం తీసి, పైకి వంచి, పొద్దున్నే తగిలించేవాళ్ళం. ఇది చదువుకున్నవాడికి తెలిసే సంగతి కాదు. పోలీసు నేర్పగలిగేది కాదు. ఈయన లైన్‌మనే. ఈయన చెప్పేది నిజం."

ఆ తర్వాత రాజకీయం అడిగినవాడు లేడు. ఇద్దరు లైన్‌మన్లూ ఉప్పు గురించి, ఉడతలు కేబుల్ కొరకడం గురించి, స్తంభాలెక్కితే కుట్టే కందిరీగల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. అటువైపు ఉన్నది అన్నేళ్ళుగా తన పాత పని గురించి అడిగినవాళ్ళు లేని మనిషి. వింటూ వింటూ మాస్టర్ కళ్ళు తుడుచుకున్నాడు. నా కళ్ళూ చెమర్చాయి, అక్క సంగతి చెప్పక్కర్లేదు. లండన్ కోపపు గొంతు చివర్లో, "సరే, నమ్ముతున్నాం. అన్నా, ఇక ఆ లైను మీద చెయ్యి వేయకండి" అంది.

మెట్లు దిగుతూ ఇన్‌స్పెక్టర్ మాస్టర్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఉండండి. అనుమతి ఎక్కడికీ పోదు. నేను అలాగే రాస్తాను. ఒక్క మాట వినండి. ఇకమీదట లైను పోతే ముందు ఎక్స్ఛేంజికి చెప్పండి, ఆ తర్వాత లోకానికి చెప్పండి."

లైన్‌మన్‌కు ఒక మెమో వచ్చింది. జవాబు నేనే రాసిపెట్టాను. అంతటితో పోయింది. ఆయన రిటైర్మెంటు సభకు మాస్టర్ అందరికంటే ముందొచ్చి, మొదటి వరసలో కూర్చుని, అందరికంటే ఎక్కువసేపు మాట్లాడాడు. ప్రభుత్వాన్ని రెండు మాటలు తిట్టాడు కూడా. ఇన్‌స్పెక్టర్ ఆ సమయంలో లడ్డూ తింటున్నాడు.

కూతురి చదువు పూర్తయ్యేదాకా మాస్టర్ కోవిల్‌పట్టిలోనే ఉన్నాడు. తర్వాత ఒక చలి దేశం వాళ్ళకు ఆశ్రయం ఇచ్చింది. వెళ్ళేముందు ముగ్గురూ మా ఇంటికొచ్చి భోజనం చేశారు. అక్కడినుంచి కూడా ఆయన రాస్తూనే ఉన్నాడు, ఎవరినీ వదలకుండా.

ఒకసారి ఫోన్ చేశాడు. అప్పటికి నేను కూడా రిటైరై ఉన్నాను. పాత అలవాటు, అన్నిటికంటే ముందు నేను అడిగేది ఒకటే. "లైను ఎలా ఉంది మాస్టర్?"

"చాలా బాగుంది అయ్యా. వచ్చింది మొదలు ఒక్కసారి కూడా పోలేదు." వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. "ఒక్కరోజైనా పోతే బాగుండును. కంప్లైంటు పెడితే ఎవరైనా ఒక మనిషి వచ్చి తలుపు కొడతాడు కదా."

మా వరండాలో అప్పుడు లైన్‌మన్, అక్క కూర్చుని ఉన్నారు. రోజూ సాయంత్రం వస్తారు. ఫోను లైన్‌మన్ చేతికిచ్చి సంగతి చెప్పాను.

ఆయన ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, అలవాటుగా ముందు శబ్దం విన్నాడు. తర్వాత తమిళంలో, "మాస్టర్, కంప్లైంటు రాసుకున్నాం" అన్నాడు. "మనుషులం ఖాళీగానే ఉన్నాం. దూరం ఒక్కటే కాస్త ఎక్కువ. మీరు మాట్లాడుతూ ఉండండి."